మా ఆవిడ మొదటి భర్త ఇంకా షేర్లు కొంటున్న విషయమై

నోర్‌బీ, ఉత్తర డకోటా
మార్చి 18, సోమవారం

పన్ను చెల్లింపుదారుల సహాయ విభాగం అధికారి గారి సముఖమునకు,
నోర్‌బీ ధాన్యం గోదాములో నలభై ఒక్క సంవత్సరాలు లారీలు తూచే వేబ్రిడ్జి గుమస్తాగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మెర్విన్ హౌగెన్, వయస్సు 78, వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: పన్ను లెక్కల ప్రోగ్రాములో వాష్ సేల్ పద్దు కుదరకపోవుట, అందుకు కారణమైన 0.412 షేరు, తత్సంబంధముగా మా ఇంట్లో ఏర్పడిన ఇబ్బంది, గురువారం లోపల పరిష్కారము కోరుట గురించి.

ముందుగా నా దస్తూరీని మన్నించవలెను. చెయ్యి వణుకుతుంది. చదువు ఎనిమిదో తరగతి వరకే, ఎనిమిది తరగతులూ ఒకే గదిలో. అక్షరదోషాలు కనబడితే అవి నావి. మా టీచరమ్మవి కావు, ఆవిడ చాలా ప్రయత్నించింది. మూడు కాగితాలు పాడుచేసి ఇది నాలుగోది మొదలుపెట్టాను. ఫోను చేయవచ్చు కదా అని తమరు అనవచ్చు. ఫోనులో నాకు మాట రాదు. ఎదురుగా కూడా అంతంత మాత్రమే.

విన్నవించుకొనునది ఏమనగా, నేనూ నా భార్య లావాన్ ఉమ్మడిగా రిటర్ను దాఖలు చేయువారము. పెళ్లయి మూడేళ్లు. ఇది నాకు మొదటిది, ఆవిడకు రెండవది. ఆవిడ మొదటి భర్త గ్లెన్ లిండ్‌క్విస్ట్ గారు తొమ్మిదేళ్ల కిందట కాలం చేశారు. ఆయన ఈ అర్జీలో తరచుగా వస్తారు గనుక ముందే మనవి చేస్తున్నాను.

కిందటి నవంబరు 14వ తేదీన ట్రాక్టర్లు చేసే ఒక కంపెనీవి నా పేర ఉన్న షేర్లలో అరవై అమ్మాను. ఇంట్లో వెచ్చదనానికి ఉన్న ఫర్నేసు పోయింది, కొత్తది పెట్టించాలి. షేరుకు పంతొమ్మిది డాలర్ల వంతున 1,140 డాలర్లు నష్టం వచ్చింది. నష్టం సంగతి తమరికి చెప్పుకుని పన్నులో కొంత తగ్గించుకోవచ్చునట. అంతవరకు బాగానే ఉంది.

గ్లెన్ గారు బతికుండగా అదే కంపెనీ షేర్లు కొన్నారు. డివిడెండు వస్తే చేతికివ్వకుండా దానితో మళ్లీ అవే షేర్లు కొనండి అని ఒక కాగితం మీద సంతకం చేసి ఇచ్చారు. ఖాతా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండేది. ఇప్పుడు లావాన్‌దే, పన్ను నంబరు కూడా ఆవిడదే. కానీ పేర్లలో ఆయన పేరు తీయలేదు, ఆ కాగితాన్ని ఎవరూ రద్దు చేయలేదు. అందుచేత ఏడాదికి నాలుగుసార్లు గ్లెన్ గారు షేర్లు కొంటూనే ఉన్నారు. నవంబరు 25న కూడా కొన్నారు. 0.412 షేరు.

దీని పర్యవసానం నాకు తెలియదు. లావాన్ భూతద్దం పెట్టుకుని పన్నుల పుస్తకం చదివి కనిపెట్టింది.

"మెర్విన్, నువ్వు నవంబరులో అమ్మావు కదా?"

"అమ్మాను."

"గ్లెన్ నవంబరులో కొన్నాడు."

"ఊఁ."

"ఊఁ కాదయ్యా. నష్టానికి అమ్మి, అటు ముప్పై రోజుల్లో గానీ ఇటు ముప్పై రోజుల్లో గానీ అదే కొంటే, కొన్న మేరకు ఆ నష్టం చెల్లదట. వాష్ సేల్ అంటారట. పెళ్లాం కొన్నా మొగుడు కొన్నట్టేనట."

"ఎంత?"

ఆవిడ పెన్సిలు తీసి లెక్కవేసింది. "ఏడు డాలర్ల ఎనభై మూడు సెంట్లు."

"ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. అనకూడదు. కానీ అన్నాను.

"గ్లెన్‌కి తెలుస్తుంది," అంది.

ఆ మాట మీద నేను కంప్యూటరు ముందు కూర్చున్నాను. తదుపరి ఎదురైన ఇబ్బందులు ఈ దిగువన వరుసగా పొందుపరుస్తున్నాను.

1. చెల్లని నష్టం ఎంత అని అడిగే గడిలో అంకె వేయగానే ఎర్ర అక్షరాలు వచ్చాయి. "చెల్లని నష్టం, తిరిగి కొన్న షేరు మేరకు మించి ఉంది." ఇదే నాలుగు రోజులు. రోజుకు రెండుసార్లు వేశాను, రెండుసార్లూ అదే మాట. కడకు లావాన్ నా భుజం మీంచి చూసి, "ఏడు వందల ఎనభై మూడు అని వేశావేమిటి?" అంది. వేబ్రిడ్జి టికెట్ల మీద చుక్క ముందే అచ్చువేసి ఉంటుంది. మేం అంకెలు మాత్రమే రాస్తాం. నలభై ఒక్క ఏళ్లలో నేను స్వయంగా ఒక్క చుక్క పెట్టి ఎరగను. ఈ తప్పు పూర్తిగా నాది, తమ శాఖకు ఎట్టి సంబంధమూ లేదు. అయినను నిజం దాచకూడదు గనుక రాశాను.

2. చుక్క పెట్టిన తరువాత ప్రోగ్రాము వేరొక అభ్యంతరం లేవదీసింది. షేర్ల దళారీ కంపెనీ వారి అమ్మకం కాగితాన్ని అది తనంతట తానే లోపలికి లాక్కుంది. ఆ సంగతి తెలియక నేనూ టైపు చేశాను. దానితో నేను నూట ఇరవై షేర్లు అమ్మినట్టు తేలింది. "మిగతా అరవై ఎక్కణ్ణుంచి వచ్చాయయ్యా, పొదిగించావా?" అంది లావాన్. నేను టైపు చేసిన అరవై కొట్టివేశాను. ఇది పరిష్కారమైనది.

3. పరిష్కారం కానిది ఇదీ. మొత్తం అరవై షేర్లను ఒకే వరసలో చూపించి వాష్ సేల్ గుర్తు పెడితే, ఆ ప్రోగ్రాము మొత్తం 1,140 డాలర్లూ చెల్లవు పొమ్మంటుంది. అందుచేత రెండు వరసలు చేయాలి. 59.588 షేర్లు ఒకటి, అవి చెల్లుతాయి. 0.412 షేరు ఒకటి, అది చెల్లదు. చేశాను. అప్పుడు, "తిరిగి కొన్నది ఎవరు? ఖాతా మీద ఉన్నది ఉన్నట్టు పేరు రాయండి" అంది. ఖాతా మీద ముందున్న పేరు గ్లెన్ ఆర్. లిండ్‌క్విస్ట్. ఉన్నది ఉన్నట్టు రాయమంది గనుక అలాగే రాశాను. "మీకు ఈ వ్యక్తి ఏమవుతారు?" అంది. కింద మూడే జవాబులు ఉన్నాయి. నేనే, నా భార్య లేక భర్త, నా అధీనంలోని సంస్థ. గ్లెన్ గారు నేను కాదు. ఆయన ఏనాడూ ఎవరి అధీనంలోనూ లేరు. మిగిలినది నొక్కాను.

అయ్యా, రిటర్ను చిత్తుప్రతి అచ్చు తీసి చూస్తే పై వరసలో మెర్విన్ హౌగెన్, గ్లెన్ లిండ్‌క్విస్ట్, దంపతులు, ఉమ్మడి దాఖలు, అని వచ్చింది.

ఆయన పేరు తీసేద్దామని చూశాను. "ఈ పేరు తొలగిస్తే జీవిత భాగస్వామి వివరములన్నియు తొలగిపోవును. సమ్మతమేనా?" అంది. అంటే గ్లెన్‌ను తీసేస్తే లావాన్ కూడా పోతుంది. కాదు అని నొక్కాను. మరునాడు మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ అడిగింది. మళ్లీ కాదు అన్నాను. నేను డెబ్భై అయిదో ఏట పెళ్లి చేసుకున్నవాణ్ని. సమ్మతమేనా అని అలా ఎర్ర అక్షరాల్లో అడగకూడదు.

4. పై చిత్తుప్రతి లైబ్రరీ ప్రింటరులో అచ్చు తీసినందువల్ల సంగతి ఊళ్లో పొక్కింది. ఉదయం తొమ్మిదింటికి మేము కొందరం సహకార సంఘం పెట్రోలు బంకులో కాఫీ తాగుతాం. పాచికలు వేసి ఓడినవాడు అందరి కాఫీకీ డబ్బులిస్తాడు. బడ్ క్రోగ్‌స్టాడ్ అనే అతను పాచికల డబ్బా ఆడిస్తూ,

"ఒరేయ్ మెర్విన్, నార్వే సంతతివాడివై ఉండి నువ్వు పోయి పోయి స్వీడన్‌వాణ్ని పెళ్లి చేసుకున్నావట కదరా! మీ అమ్మ ఉంటే ఏమనేది?" అన్నాడు.

నేను కాఫీ తాగాను.

"చెప్పరా. ఆయన ఇంకా కొంటున్నాడటగా? పోయి తొమ్మిదేళ్లయినా ఇంటికి షేర్లు తెస్తున్నాడు, నువ్వు బతికుండి ఫర్నేసు కోసం అమ్ముతున్నావు. ఇద్దర్లో ఎవడు మంచి మొగుడంటావు?"

అందరూ నవ్వారు. నేను కూడా కొంచెం నవ్వాను. అందులో నిజం లేకపోలేదు. ఆ రోజు పాచికల్లో ఓడింది కూడా నేనే.

ఇక్కడ గ్లెన్ గారి గురించి ఒక మాట చెప్పాలి. ముప్పై ఏళ్లు ఆయన గోధుమ నా తూకం మీదికే తెచ్చారు. తెచ్చిన ప్రతిసారీ తూకం తప్పని పోట్లాడేవారు. ఒక శరత్కాలం ఆయన నిండు లారీ తూచినప్పుడు కుక్క లోపలుంది. ధాన్యం దింపి ఖాళీ లారీ తూచేటప్పుడు కుక్క కిందికి దిగి ఉంది. అంటే కుక్కను కూడా గోధుమల కింద కొన్నాం. పదకొండు మైళ్లు ఇంటికి వెళ్లాక ఆయనకు ఆ సంగతి తట్టింది. వెనక్కి వచ్చారు.

"మెర్విన్, కుక్క డబ్బు నాకొద్దు. కొట్టెయ్."

మా దగ్గర తప్పు పడితే రబ్బరుతో చెరపము. పాత అంకె కనిపించేలా ఒకే గీత గీసి, పక్కన కారణం రాసి, ఇద్దరం పొడి సంతకాలు చేస్తాం. కారణం దగ్గర 'కుక్క' అని రాశాను. ఇద్దరం సంతకాలు పెట్టాం. ఆ తరువాత ఆయన ఎంత పోట్లాడినా నాకు కోపం రాలేదు.

5. ఆఖరుది, ముఖ్యమైనది. ఆ ప్రోగ్రాము కంపెనీ వారి సహాయ నంబరుకు లావాన్ ఫోను చేసింది. నాకు కూడా వినబడాలని బల్ల మీద స్పీకరు పెట్టింది. అవతలి పిల్ల మర్యాదస్తురాలు. మెలనీ అని పేరు చెప్పింది. పాపం పూర్తిగా విని ఇలా అంది:

"అమ్మా, తేలికైన దారి ఒకటుంది. ఆ పాత ఆర్డరు ఆపించేయండి. పోయినవారి పేరు తీయించి మీ ఒక్కరి పేరున కొత్త ఖాతా తెరవండి. ఇక ఎప్పటికీ ఈ బాధ ఉండదు."

"అంతేనా?" అంది లావాన్.

"అంతే అమ్మా. ఒక్క సంతకం."

"అలాగే ఆపేద్దాంలే," అంది లావాన్. గొంతు మామూలుగానే ఉంది. దళారీ కంపెనీ నుంచి ఆ కాగితం తెప్పించింది. బల్ల మీద పెట్టి, కలం మూత తీసి, కాసేపు కూర్చుంది. మూత పెట్టేసి కాఫీ కాయడానికి లేచింది. కాగితం ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అంటించింది. అది రెండు వారాల కిందటి మాట. మొన్న శనివారం, "గురువారం బ్యాంకులో పని ఉంది, ఆ కాగితం కూడా సంతకం పెట్టి పోస్టు చేసేస్తాను," అంది. నేను ఊఁ అన్నాను.

ఊఁ అనకూడదు. ఆపవద్దు అనాలి. కానీ గ్లెన్ ఆవిడ భర్త, ఖాతా ఆవిడది, నేను మధ్యలో వచ్చినవాణ్ని. ఆపవద్దంటే ఆవిడ మనసులో ఉన్నది నేను తవ్వినట్టవుతుంది. ఆపమంటే ఆయనను గెంటినట్టవుతుంది. రెండూ కాకుండా మూడో మాట ఏదో ఉండాలి. రెండు వారాలుగా వెతుకుతున్నాను, దొరకలేదు. ఆయన చేసినవాటిలో ఇంకా నడుస్తున్నది ఆ ఒక్కటే. లారీ అమ్మేశారు, పొలం కౌలుకిచ్చారు, కుక్క ఎప్పుడో పోయింది.

నిజానికి నాకు ఏ బాధా లేదు. క్యాలెండరు ముందు పెట్టుకుని చూశాను. ఆయన ఏడాదికి నాలుగుసార్లు కొంటారు. ప్రతిసారీ అటు ముప్పై, ఇటు ముప్పై, కొన్న రోజుతో కలిపి అరవై ఒక్క రోజులు. మొత్తం రెండు వందల నలభై నాలుగు రోజులు ఆయనవి. మిగిలిన నూట ఇరవై పైచిలుకు రోజులు నావి. నా దగ్గర ఇంకా నలభై షేర్లున్నాయి. అమ్మవలసి వస్తే నా రోజుల్లో అమ్ముకుంటాను. నాకు అంతకన్నా అక్కర్లేదు. పోనీ ఆ ఏడు డాలర్ల ఎనభై మూడు సెంట్లు కూడా ఎక్కడికీ పోవట. ఆయన కొన్న ముక్క ఖరీదులో కలుస్తాయట. పుస్తకంలో ఉంది. కలవనివ్వండి.

కావున ప్రార్థించునది ఏమనగా:

(అ) ఈ సంవత్సరం మా రిటర్ను కంప్యూటరు ద్వారా కాక కాగితం మీద, చేతితో రాసి పంపుటకు అంగీకరించవలెను. షేర్లు రెండు వరసలుగా చూపిస్తాను, చుక్క పెడతాను. చిత్తుప్రతి కూడా దానికి జతచేసి, అందులో భాగస్వామి పేరు దగ్గర గ్లెన్ గారి పేరు మీద ఒకే గీత గీసి, లావాన్ పేరు రాసి, పక్కన కారణం రాస్తాను. రబ్బరు వాడను. మేమిద్దరం పొడి సంతకాలు చేస్తాం.

(ఆ) చనిపోయినవారు సంతకం చేసిన కొనుగోలు ఆర్డరును ఆపనవసరం లేదని, ఆపకపోయినా చట్టరీత్యా తప్పు లేదని, తమ కార్యాలయం ముద్రతో ఒక ఉత్తరం దయచేయవలెను. అది లావాన్ పేరున పంపవలెను. నేను అడిగినట్టు అందులో ఉండరాదు. ప్రభుత్వమే చెప్పినట్టు ఉంటే ఆవిడ వింటుంది. ప్రభుత్వం మీద ఆవిడకు గౌరవం ఎక్కువ. ఒకవేళ తప్పు ఉన్న పక్షంలో ఉత్తరం నా పేరున పంపండి. ఏం చేయాలో నేను చూసుకుంటాను.

ఉత్తరం గురువారం లోగా చేరదని నాకు తెలుసు. అయినా రాస్తున్నాను. తమరు పెద్దమనసుతో ఈ నాలుగు ముక్కలూ చిత్తగించవలెనని కోరుతూ,

తమ విధేయుడు,
మెర్విన్ హౌగెన్

జతపరచినవి: చిత్తుప్రతి ఒకటి (దంపతుల వరస దగ్గర మడత పెట్టాను). క్యాలెండరు ఒకటి. అందులో ఎర్ర పెన్సిలు గ్లెన్ గారి రోజులు.

తాజా కలం: ఇది మడిచి కవరులో పెడుతుండగా లావాన్ చర్చిలో బొంతలు కుట్టే పని నుంచి పెందలాడే వచ్చేసింది. దారం అయిపోయిందట. కవరు మీద పన్నుల కార్యాలయం అని చూసి, "ఏమిటది?" అంది. "అర్జీ," అన్నాను. చెయ్యి చాపింది. ఇచ్చాను. కోటు కూడా విప్పకుండా నిలబడి మొత్తం చదివింది. నేను కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చున్నాను.

"ఏమయ్యా, ఇన్ని మాటలు ప్రభుత్వానికి చెప్తావు. నాకు చెప్పవా?"

"నువ్వు అడగలేదు."

"నేను ఆ కాగితం మీద సంతకం ఎందుకు పెట్టలేదనుకున్నావు?"

"గ్లెన్ కోసం."

"నీ కోసం! నువ్వేమంటావోనని. ఫ్రిజ్ మీద ఊరికే అంటించానా? రెండు వారాలు దాని ఎదురుగా నిలబడి పాలు తీసుకున్నావు, తలుపు మూశావు. ఉంచమనలేదు, ఆపమనలేదు. నీకు ఆయన పేరు చూస్తే కష్టంగా ఉందేమో, చెప్పలేకపోతున్నావేమో అనుకున్నాను. అందుకే గురువారం అన్నాను."

"కష్టంగా లేదు," అన్నాను.

"అయితే చెప్పు. ప్రభుత్వం వద్దు, నువ్వు చెప్పు."

"ఆపకు," అన్నాను.

ఆవిడ ఫ్రిజ్ మీది కాగితం తీసి, తిరగేసి, వెనకవైపు గుడ్లు, వెన్న, తెల్లదారం అని సరుకులు రాసుకుంది. తరువాత, "గురువారం మాత్రం బ్యాంకుకు ఇద్దరం వెళ్దాం. నాకేమైనా అయితే ఆ ఖాతా నీకు చెందేలా నీ పేరు రాయిస్తాను," అంది.

"మరి గ్లెన్?"

"గ్లెన్ ఎక్కడికి పోతాడు? కొంటూ ఉంటాడు. కొన్నవి నువ్వు చూసుకోవాలి, అంతే."

నా ముఖం ఎర్రబడింది. ఇది పన్నులకు సంబంధించిన విషయం కాదు గనుక తమరు పట్టించుకోనక్కర్లేదు.

పై కారణాల వల్ల ప్రార్థన (ఆ) ఉపసంహరించుకుంటున్నాను. దాని మీద ఒకే గీత గీద్దామంటే లావాన్ వద్దంది, ఉన్నది ఉన్నట్టే పోనివ్వమంది. ప్రార్థన (అ) అలాగే ఉన్నది. దాఖలుకు ఆఖరు రోజు ఏప్రిల్ 15 దగ్గర పడుతోంది, కంప్యూటరులో నేను ఇంకా గ్లెన్ గారి భర్తనే. పోస్టు బండి వచ్చి హారన్ కొడుతోంది, బండి నడిపే అమ్మాయి ఎక్కువసేపు ఆగదు. దయచేసి త్వరగా జవాబు రాయండి. ఈసారి ఇద్దరి పేరునా రాయండి.